డెబ్బై నిమిషాలా... తొంభై నిమిషాలా?

హైదరాబాద్ సిటీ పోలీస్ (1950–54) వర్సెస్ హైదరాబాద్ ఎఫ్‌సీ (2021–22): ఎప్పటికీ జరగని ఓ మ్యాచ్ ముచ్చట

అశ్వారావుపేట పామాయిల్ ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ట్రక్కుల నిండా ఎర్రటి గెలలు. కాటా మీద నుంచి ఒక బండి దిగితే వెనకున్నవి నాలుగడుగులు ముందుకు జరిగి మళ్ళీ ఆగుతాయి. ఆగినప్పుడల్లా డ్రైవర్లకు టీ, ఫోనూ తోడు. దమ్మపేట వైపు నుంచి గెలలు తెచ్చిన కుర్రాడొకడు ఫోన్ అడ్డంగా పట్టుకుని, పక్క ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద కూర్చున్న పెద్దాయన ముందు పెట్టాడు. కంప్యూటర్ తయారుచేసిన వీడియో అది. నవ్వుతూ బౌలింగ్‌కి పరుగెత్తుకొస్తున్న కపిల్‌దేవ్, ఎదురుగా బ్యాట్‌తో రోహిత్ శర్మ.

"చూడు బాబాయ్, ఎనభై మూడు టీముకీ రెండువేల ఇరవై నాలుగు టీముకీ మ్యాచ్."

పెద్దాయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. "ఎన్ని ఓవర్లురా?"

"ఇరవై."

"అయితే మావోళ్ళు ఓడిపోతారు. అరవై పెట్టమను, అప్పుడు చూద్దాం."

వెనక బండివాడు హారన్ కొట్టడంతో వాదన అక్కడికి తెగింది. కానీ పెద్దాయన అడిగిన ఆ ఒక్క ప్రశ్నలోనే కిటుకంతా ఉంది. 1983లో ప్రపంచకప్ అంటే 60 ఓవర్ల ఆట. ఫైనల్లో మనవాళ్ళు 54.4 ఓవర్లు ఆడి చేసింది 183. వెస్టిండీస్‌ని 140కే కట్టేసి కప్పు తెచ్చారు. 2024 కప్పు 20 ఓవర్ల ఆటది. ఈ రెండు జట్లనీ ఒక మైదానంలో నిలబెడితే ఎవరు గెలుస్తారన్నది తర్వాతి మాట. ఏ రూలు ప్రకారం ఆడించాలన్నది తేలకుండా టాస్ కూడా వేయలేం.

సంక్రాంతికి ఈ తెలంగాణ–ఆంధ్ర సరిహద్దు పల్లెల్లో కబడ్డీ కోర్టులు గీసినప్పుడూ ఇదే రగడ. మట్టిలో ఆడి మోకాళ్ళు చెక్కుకుపోయిన తరానికి, మ్యాట్ మీద షూ వేసుకుని ఆడే ప్రో కబడ్డీ కుర్రాళ్ళు సుకుమారులు. కుర్రాళ్ళ లెక్కలో పాతవాళ్ళు నెమ్మది. అప్పట్లో కూత ఎంతసేపు నిలబెట్టగలిగితే అంతసేపు. ఇప్పుడు ముప్పై సెకన్లలో వెళ్ళి రావాలి. కాబట్టి ఎవరి లెక్కలో వాళ్ళదే రైటు.

అమెరికాలో ఇదో పెద్ద వ్యాపారం

తరాల మధ్య పోటీ పెట్టే సరదాని బాస్కెట్‌బాల్ వాళ్ళు తీసుకెళ్ళినంత దూరం ఎవరూ తీసుకెళ్ళలేదు. 1995–96 సీజన్‌లో మైకేల్ జోర్డాన్ ఆడిన చికాగో బుల్స్ 82 లీగ్ మ్యాచ్‌లలో 72 గెలిచి, చివరికి టైటిల్ కూడా పట్టుకెళ్ళింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 2015–16లో స్టెఫెన్ కర్రీ ఉన్న గోల్డెన్ స్టేట్ వారియర్స్ 73 గెలిచి ఆ రికార్డు చెరిపేసింది. అయితే ఫైనల్స్‌లో 3–1 ఆధిక్యంలో ఉండి కూడా క్లీవ్‌లాండ్ చేతిలో ఓడిపోయింది. ఈ రెండు జట్లూ తలపడితే ఎవరిది పైచేయి? వీడియో గేముల్లో లక్షలమంది ఈ మ్యాచ్ ఆడేశారు. ఒక్కొక్కరికి ఒక్కో ఫలితం వచ్చింది.

అంకెలు చూస్తే అసలు అవి రెండూ ఒకే ఆట ఆడాయా అనిపిస్తుంది. ఆ సీజన్ మొత్తంలో బుల్స్ వేసిన త్రీ పాయింటర్లు 544. వారియర్స్ వేసినవి 1077. కర్రీ ఒక్కడే 402 వేశాడు. పైగా బుల్స్ ఆడిన ఏడాది త్రీ పాయింట్ గీతని కొంత దగ్గరికి జరిపి ఉంచారు. మరోవైపు, ఎదుటి ఆటగాణ్ణి చేత్తో తాకుతూ అడ్డుకునే వీలు జోర్డాన్ కాలంలో ఎక్కువ. 2004 తర్వాత రిఫరీలు దాన్ని గట్టిగా కట్టడి చేశారు. కర్రీ నడుము మీద చెయ్యి వేసి ఆపొచ్చంటే బుల్స్, వేయకూడదంటే వారియర్స్.

ఈ తగువులో మధ్యవర్తిగా కూర్చోగల అర్హత ఒక్కడికే ఉంది. స్టీవ్ కెర్. 1996 బుల్స్‌లో ఆటగాడు, 2016 వారియర్స్‌కి కోచ్. ఏ జట్టు గెలిచినా ఆయనదే గెలుపు, ఏది ఓడినా ఆయనదే ఓటమి.

— బాక్స్ —
చనిపోయిన వీరుడు గెలిచిన మ్యాచ్
*కంప్యూటర్‌తో ఊహా పోటీలు ఇవాళ్టివి కావు. ఓటమి ఎరుగకుండా రిటైరైన హెవీవెయిట్ బాక్సర్ రాకీ మార్సియానోనీ, వియత్నాం యుద్ధానికి వెళ్ళననడంతో లైసెన్సు పోగొట్టుకున్న మహమ్మద్ అలీనీ 1969లో మయామీలో ఒక స్టూడియోకి పిలిపించారు. కంప్యూటర్ ఇచ్చే ఏ ఫలితానికైనా సరిపడేలా ఇద్దరిచేతా ముక్కలు ముక్కలుగా ఫైటింగ్ చేయించి సినిమా తీశారు. మార్సియానో విగ్గు పెట్టుకుని బరిలోకి దిగాడు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో వేసినప్పుడు 13వ రౌండ్‌లో మార్సియానోదే గెలుపు. ఆ గెలుపు చూసుకోవడానికి ఆయన లేడు. 1969 ఆగస్టులోనే విమాన ప్రమాదంలో పోయాడు.*

మనకూ ఉందో జత

ఎక్కడి బుల్స్, ఎక్కడి వారియర్స్! తెలుగు నేల మీదే అలాంటి జత ఒకటి ఉంది. ఒకే ఊరి పేరు పెట్టుకుని, దాదాపు డెబ్బై ఏళ్ళ తేడాతో దేశాన్ని గెలిచిన రెండు ఫుట్‌బాల్ జట్లు. ఒకటి హైదరాబాద్ సిటీ పోలీస్, రెండోది హైదరాబాద్ ఎఫ్‌సీ. 2024లో అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమాతో మొదటి జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మళ్ళీ జనం నోట నానింది. ఆ మరుసటి ఏడాదే రెండో జట్టు ఊరొదిలి ఢిల్లీ వెళ్ళిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. ఇప్పుడు రెండూ జ్ఞాపకాలే. పోటీ పెట్టడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1909లో పుట్టారు, కాచిగూడ మిడిల్ స్కూల్లాంటి చోట్ల పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950లో సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. అదే ఏడాది రెండు పెద్ద కప్పులు: బొంబాయిలో రోవర్స్, ఢిల్లీలో డ్యూరాండ్. డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌తో మొదటి మ్యాచ్ 1–1. మళ్ళీ ఆడిస్తే పోలీసులు 1–0తో గెలిచారు. రోవర్స్ కప్పయితే 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి నుంచి హైదరాబాద్‌కే వచ్చింది. కలకత్తా క్లబ్బుల డబ్బుకీ, పేరుకీ ఎదురొడ్డి నెలజీతం పోలీసులు చేసిన పని ఇది.

ఆయన పాఠం చెప్పే పద్ధతి కూడా బడిపంతులుదే. కుర్రాళ్ళకు చిత్రమైన టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో చేతకాని కాలితోనే తన్నాలి. కుడికాలివాడు ఎడమకాలితో ఆడితే మొదటి వారం మైదానమంతా నవ్వులే. ఆరు నెలలు గడిచాక వాడికి రెండు కాళ్ళూ ఒకటే. వ్యక్తిగత విన్యాసాలకే చప్పట్లు మోగే రోజుల్లో బంతిని పంచుకునే జట్టుని ఆయన తయారుచేశారు.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 1–10తో చిత్తయ్యారు. ఆ జట్టుకీ రహీమే కోచ్. ఇంకొకరైతే చలినీ బురదనీ తిట్టుకుని ఊరుకునేవారు. ఆయన ఆట పద్ధతినే మార్చేశారు. 1958లో బ్రెజిల్ ప్రపంచకప్ గెలిచి 4–2–4ని లోకానికి చూపించకముందే ఆ వరస మన దగ్గర మొదలైంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాని 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం... ఆ జట్టు జాబితా చదువుతుంటే హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీలు తిరిగినట్టే ఉంటుంది.

— బాక్స్ —
పోలీసుల అల్మారా
*రోవర్స్ కప్: 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు, ఆ తర్వాత మరికొన్నిసార్లు.*
*డ్యూరాండ్ కప్: 1950, 1954 సహా నాలుగుసార్లు.*
*రాష్ట్ర జట్టు: సంతోష్ ట్రోఫీ 1956–57, 1957–58లలో హైదరాబాద్ పేరు మీద, 1965–66లో ఆంధ్రప్రదేశ్ పేరు మీద.*

ఊళ్ళో ఒక్క మ్యాచ్ ఆడకుండానే ఛాంపియన్లు

హైదరాబాద్ ఎఫ్‌సీది పూర్తిగా వేరే పుట్టుక. పుణేలో ఒక క్లబ్బు మూతపడితే, దాని స్థానంలో 2019 ఆగస్టులో వెలిసింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంతగడ్డ. మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లకు రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్క్వెజ్ వచ్చాడు. పేరున్నవాళ్ళ కోసం ఎగబడకుండా ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి పాతికేళ్ళు నిండని కుర్రాళ్ళని నమ్మాడు. ముందు మాత్రం అనుభవాన్ని పెట్టాడు. పదిహేడేళ్ళకే నైజీరియా తరఫున 2002 ప్రపంచకప్ ఆడిన బార్తలోమ్యూ ఓగ్బెచే, 37 ఏళ్ళ వయసులో 2021–22 సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో దేశవాళీ లీగ్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ 68వ నిమిషంలో గోల్ చేసింది. స్టేడియమంతా పసుపు రంగే. 88వ నిమిషంలో, బెంచీ మీద నుంచి లేచి వచ్చిన సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి నెట్‌లో పడింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3–1తో కప్పు హైదరాబాద్‌ది.

కానీ ఊరు ఎక్కడుంది? కోవిడ్ వల్ల ఆ ఏడాది లీగంతా గోవాలోనే జరిగింది. ఛాంపియన్లయిన సీజన్‌లో వాళ్ళు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఫైనల్ మొదలెట్టిన పదకొండుమందిలో హైదరాబాదీ ఒక్కడూ లేడు. గోవా, మణిపూర్, సిక్కిం, బెంగాల్, స్పెయిన్, బ్రెజిల్, నైజీరియా... పోలీసు జట్టుని గల్లీలు తయారుచేస్తే, దీన్ని బదిలీల మార్కెట్ తయారుచేసింది. అందులో తప్పేం లేదు, ఇప్పటి ఆట అలాగే నడుస్తుంది. అయితే ఈ తేడా ఏదో ఒక నిమిషంలో మ్యాచ్‌లోకి దిగక తప్పదు.

సరే, విజిల్ ఊదుదాం

మొదటి మ్యాచ్ పాత రూళ్ళతో. బొంబాయి కూపరేజ్ మైదానం, వాన కురిసి వెలిసింది. ఆట డెబ్బై నిమిషాలు, ఎందుకంటే అప్పట్లో దేశవాళీ మ్యాచ్‌లు అంతే. దెబ్బ తగిలినా, ఊపిరాడకపోయినా బదులు ఆటగాడు రాడు. పసుపు కార్డు లేదు, ఎర్ర కార్డు లేదు. బంతి తోలుది, నోరు తాళ్ళతో కుట్టి ఉంటుంది. నీళ్ళు పీల్చి బరువెక్కిన ఆ బంతిని తలతో కొడితే ఆ కుట్టు నుదుటి మీద అచ్చు దిగుతుంది.

గాలిలోకి లేచిన బంతిని కట్టిమణి రెండు చేతులా అందుకుంటాడు. మరుక్షణం పోలీసు ఫార్వర్డ్ భుజంతో ఒక్క గుద్దు. కట్టిమణి, బంతి, రెండూ గోల్ లోపల. రిఫరీ ఫౌల్ అనడు, అప్పట్లో గోల్‌కీపర్‌ని అలా గుద్దొచ్చు. మార్క్వెజ్ గీత దగ్గర నిలబడి ఎంత అరిచినా లాభం లేదు. ఓగ్బెచే ఒక గోల్ తిరిగి ఇస్తాడు, అది ఖాయం. అంత ఒడుపున్నవాణ్ణి ఏ కాలంలోనూ పూర్తిగా ఆపలేరు. అయితే అరవయ్యో నిమిషంలో బురదలో 37 ఏళ్ళ కాళ్ళు బరువెక్కుతాయి, మార్చడానికి వీల్లేదు. ఏళ్ళ తరబడి కలిసి ఆడిన పోలీసులు చూడకుండానే ఒకరికొకరు పాసులు ఇచ్చుకుంటూ రెండోది కొడతారు. పోలీస్ 2, ఎఫ్‌సీ 1.

రెండో మ్యాచ్ ఇప్పటి రూళ్ళతో, ఫతోర్డా లైట్ల కింద. ఇక్కడ కథ తిరగబడుతుంది. 1992లో వచ్చిన నిబంధన ప్రకారం సొంత ఆటగాడు కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదు. పోలీసు గోల్‌కీపర్‌కి అది తెలియదు, అలవాటుగా పట్టేస్తాడు. పెనాల్టీ ఏరియాలోనే ఫ్రీ కిక్. ఒకటి. నూర్ మహమ్మద్ బంతి అందుకుని తలెత్తే లోపు ముగ్గురు చుట్టుముడతారు. ఇలాంటి ప్రెస్సింగ్ ఆ తరం ఎరగదు. రెండు. డెబ్బయ్యో నిమిషం నుంచి అసలు సమస్య. వాళ్ళ ఒళ్ళు ఆట ముగిసిందనుకుంటుంది. ఇరవై నిమిషాలు మిగిలే ఉన్నాయి, అవతలివైపు ఐదుగురు తాజా ఆటగాళ్ళు ట్రాక్‌సూట్లు విప్పుతున్నారు. మూడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌ని 1–1తో నిలువరించిన మన జట్టుకి కూడా తొంభై నిమిషాల ఆట కొత్త బరువే.

ఎఫ్‌సీ 3, పోలీస్ 1. ఆ ఒక్కటి ఎలా వచ్చిందంటారా? అజీజుద్దీన్ తన చేతకాని కాలితో కొట్టిన లాంగ్ బాల్ నుంచి. రహీం సాబ్ టోర్నమెంట్లు ఊరికే పోవు కదా!

— బాక్స్ —
ఆటని మార్చిన గీతలు
*1970: ప్రపంచకప్‌లో మొదటిసారి సబ్‌స్టిట్యూట్లు, కార్డులు.*
*1990: రెండో ఆఖరి డిఫెండర్‌తో సమానంగా ఉన్నా ఆఫ్‌సైడ్ కాదు.*
*1992: బ్యాక్ పాస్‌ని చేత్తో పట్టడం నిషేధం.*
*2020: కోవిడ్ పేరుతో ఐదుగురు సబ్‌స్టిట్యూట్లు వచ్చి, అలాగే ఉండిపోయారు.*

మూడో మ్యాచ్‌కి మైదానం లేదు

తలో మ్యాచ్ గెలిచారు కాబట్టి మూడోది పెట్టాలి. ఎక్కడ? ఏ రూళ్ళతో? అసలు ఈ రెండు జట్లు ఎందుకు మిగల్లేదన్న ప్రశ్న అక్కడ ఎదురొస్తుంది.

పోలీసు జట్టుని మొదట కొరికింది కలకత్తా. సికింద్రాబాద్ అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం కథే చూడండి. బూట్లు కొనే స్తోమత లేక, పాత పోలీసు బూట్లని మోచీ చేత ఆటబూట్లుగా కుట్టించుకున్నాడని ఆ తరంవాళ్ళు చెప్పుకుంటారు. అలాంటి కుర్రాణ్ణి రహీం తీర్చిదిద్దారు. 1957కల్లా బలరాం కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌లో ఉన్నాడు. పొట్టకూటికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు. తర్వాతి తరంలో నయీముద్దీన్, హబీబ్, అక్బర్ అదే దారి పట్టారు. 1977లో పీలే ఆడిన కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2–2గా డ్రా చేసుకున్నప్పుడు, అందులో ఒక గోల్ మన హబీబ్‌ది.

రహీం 1962లో జకార్తా ఏషియాడ్‌కి జట్టుని తీసుకెళ్ళేనాటికే క్యాన్సర్‌తో ఉన్నారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2–1తో గెలిచి స్వర్ణం తెచ్చారు. 1963 జూన్‌లో వెళ్ళిపోయారు. వారసుణ్ణి తయారుచేసే తీరిక ఆయనకి చిక్కలేదు, ఆ శ్రద్ధ మిగతావాళ్ళకి లేదు. భారత జట్టు మళ్ళీ ఆసియా స్వర్ణం ముఖం చూడలేదు.

ఎఫ్‌సీకి పట్టిన తెగులు ఇంకోటి. 2022–23లో లీగ్‌లో రెండో స్థానం. మరుసటి ఏడాది డబ్బుల్లేవు, ఆటగాళ్ళు ఒకరొకరుగా వెళ్ళిపోయారు. 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు, పట్టికలో ఆఖరు. తర్వాత యాజమాన్యం మారింది, ఆపై ఊరే మారింది. ఛాంపియన్ నుంచి అట్టడుగుకి రెండేళ్ళు, అక్కణ్ణుంచి ఢిల్లీకి ఇంకో ఏడాదిన్నర. పోలీసు ఆటగాడి జీతం చిన్నదే, కానీ సాయంత్రం ఆట అయ్యాక అతను వెళ్ళేది ఈ ఊళ్ళోని ఇంటికే. ఎఫ్‌సీ ఆటగాడి కాంట్రాక్టు పెద్దది. దాంట్లో ఊరి పేరు జెర్సీ మీద అచ్చుగానే ఉంది. ఎక్కువ కాలం బతికే జట్టు ఏదన్న పోటీ పెడితే మాత్రం పోలీసులు వాకోవర్‌తో గెలుస్తారు.

రెండూ కలిపితే?

తగువు తెగనప్పుడు పెద్దమనుషులు చేసే పనే చేద్దాం. రెండు జట్లనుంచీ కలిపి ఒకటి. గోల్‌లో కట్టిమణి. ఒక ఫైనల్లో మూడు పెనాల్టీలు ఆపినవాణ్ణి కాదనేవాడెవడు? వెనక అజీజుద్దీన్, అతని పక్కన ఎఫ్‌సీ డిఫెండర్లు చింగ్లెన్‌సనా, హువానన్, ఎడమవైపు ఆకాశ్ మిశ్రా. మధ్యలో నూర్ మహమ్మద్, ఎఫ్‌సీలోని బ్రెజిల్ ఆటగాడు జోవావో విక్టర్. ముందు ఓగ్బెచే. ఇక్కడిదాకా పెద్దగా పేచీ రాదు.

పేచీ బలరాం దగ్గర. ఐదు రోవర్స్ కప్పుల జట్టులో అతను లేడు. 1955 ప్రాంతంలో వచ్చి, రెండేళ్ళకే వెళ్ళిపోయాడు. నిబంధన ప్రకారం అనర్హుడు. అయినా ఎడమ వింగ్‌లో అతన్ని వద్దని హైదరాబాద్‌లో పాత ఫుట్‌బాల్ అభిమాని ఎవరికైనా చెప్పి చూడండి. కాబట్టి 1950–54 అన్న గీతని కాస్త సాగదీసి 1957 దాకా అనుకుందాం. అప్పుడు ఎఫ్‌సీ వాళ్ళూ ఊరుకోరు, 2022–23 జట్టుని కూడా కలపమంటారు. కలపండి, పోయిందేముంది!

ఇక కోచ్ ఎవరు? రహీమూ మార్క్వెజూ, ఇద్దరూ భారత జట్టుకి శిక్షణ ఇచ్చినవాళ్ళే. మార్క్వెజ్ 2024 జూలైలో ఆ కుర్చీ ఎక్కి ఏడాదికే దిగిపోయాడు. అందుకని జట్టు రహీం సాబ్‌కే. మార్క్వెజ్‌ని పక్కన కూర్చోబెడదాం, సబ్‌స్టిట్యూట్లని ఎప్పుడు దింపాలో చూసుకోవడానికి. ఆ పని రహీం సాబ్‌కి ఎన్నడూ పడలేదు మరి.